ఇంటికో పిడికెడు కారం

మొన్నామధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆడపిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమని నన్ను పిలిచారు. రిటైరై ఇన్నేళ్లయినా ఇలాంటి పిలుపులు అప్పుడప్పుడూ వస్తుంటాయి. పిలిచేవాళ్లకు కుర్చీలో కూర్చోబెట్టడానికి ఎవరో ఒకరు కావాలి. నాకేమో ఇంట్లో మోకాళ్లు నొక్కుకోవడం తప్ప వేరే పని లేదు. వెళ్లాను. ఒకమ్మాయి లేచి, "మేడం, మీ సర్వీసులో మీరు గొప్పగా చెప్పుకునే పని ఏది?" అని అడిగింది. కుట్టు తరగతుల గురించి ఏదో చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. తిరిగి బస్సులో వస్తుంటే నా మీద నాకే విసుగు పుట్టింది. గొప్పగా చెప్పుకునే పనుల వల్ల నేను నేర్చుకున్నది ఏమీ లేదు. నేర్చుకున్నదంతా కారం ఎక్కువైన ఒక పప్పుపులుసు వల్ల. ఆ పిల్లలకు చెప్పాల్సింది అది. అక్కడ నోరు రాలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అవి డెబ్బైల చివరి రోజులు. అనంతపురం జిల్లాలో నేను గ్రామసేవికను. ఊళ్లు తిరిగి తల్లులకు పిల్లల తిండి గురించి, శుభ్రత గురించి చెప్పడం నా ఉద్యోగం. ఇప్పుడు మీకు ఊరికో కేంద్రం ఉంది, చేతిలో ఫోను ఉంది. మాకు భుజానికి ఒక గుడ్డసంచి, కాళ్లకు చెప్పులు ఉండేవి. ఆ చెప్పులు కూడా ఆరు నెలలు రాకుండానే అరిగిపోయేవి. నేను చెప్పేదేమో పాలు, గుడ్లు, ఆకుకూరలు పిల్లలకు పెట్టమని. వినేవాళ్లేమో మూడేళ్లుగా వానల్లేక, చెట్టు మీది ఆకు కూడా మేకలకు దూసి పెట్టేసినవాళ్లు. "ఆకుకూరలు తినల్లంట, ఇన్యావా!" అని ఒకరినొకరు పొడుచుకుని నవ్వేవాళ్లు. వాళ్లతోపాటు నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే ఆ ఉద్యోగం చేయలేం.

నా గురించి ఒక సంగతి ముందే చెప్పాలి. మాది ధర్మవరంలో మగ్గం నేసే ఇల్లు. పట్టుపోగు తెగితే కళ్లు మూసుకుని ముడి వేయగలను గాని, విత్తనం వేసే గొర్రు ఎటు తిప్పి పట్టుకోవాలో నాకు తెలియదు. సేద్యం మా ఇంటా వంటా లేదు. వేరుశనగ కాయలంటే మా నాయన సంతనుంచి తువ్వాలులో కట్టుకుని తెచ్చేవి, మేం సాయంత్రం పూట వేయించుకుని తినేవి. అంతకుమించి వాటి గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఆ ఊరికి పోవాలంటే గార్లదిన్నె దగ్గర బస్సు దిగి గంటన్నర నడవాలి. నలభై ఇళ్లు ఉండేవేమో. మూడో ఏడు కరువు. పశువుల్ని కొన్ని అమ్మేశారు, కొన్నింటిని గడ్డి దొరికే చోటికి తోలేశారు. ఒంట్లో సత్తువ ఉన్న ఆడా మగా పొద్దున్నే చెరువులో పూడిక తీసే కరువు పనికి పోయేవాళ్లు. ఊళ్లో ముసలివాళ్లూ పసివాళ్లూ మిగిలేవాళ్లు. ఆ పసివాళ్లకు మధ్యాహ్నం ఒక పూట తిండి పెట్టడానికి సర్కారు గోధుమ నూక, కందిపప్పు, కాస్త నూనె ఇచ్చేది. కేంద్రం అని పేరుకు అనేవాళ్లం గాని అది వంటామె ఇల్లే. ఆమె వసారా, ఆమె పొయ్యి, ఆమె పెళ్లినాటి గుండిగ. నూకతో సంగటి కెలికి, పప్పుతో పులుసు కాచి, తన ఇంటి పిల్లలకు పెట్టినట్టే పెట్టేది.

ఆమెకు నలభై ఐదేళ్లుంటాయి. భర్త లేడు. కొడుకూ కోడలూ బెంగళూరు వైపు మట్టి పనికి పోయి, మూడేళ్ల ఆడపిల్లను ఈమె దగ్గర వదిలేశారు. నేను మొదటిసారి చూసినప్పుడు ఆ పిల్ల కూర్చోవడమే గాని నిలబడేది కాదు. కాళ్లు అంత సన్నగా ఉండేవి. కేంద్రం మొదలైన నాలుగో నెలలో ఒకరోజు నేను వెళ్లేసరికి గోడ పట్టుకుని నిలబడి ఉంది. వంటామె నన్ను చూసి, "సేవికమ్మా, చూడు చూడు, మా బంగారు నిలబడుకోనుండాది" అని గట్టిగా అరిచింది. ఆ అరుపుకు పిల్ల భయపడి కూలబడింది. ఇద్దరం నవ్వాం. ఆ ఒక్క రోజు నా ఉద్యోగం నాకు నిజంగా ఉద్యోగం అనిపించింది.

అలాంటి సమయంలో కబురు వచ్చింది. కేంద్రాలన్నీ వానలు పడేదాకా నడపడానికి సరుకు చాలదనీ, కొన్నింటిని ఉంచి కొన్నింటిని తీసేస్తారనీ, అది తేల్చడానికి హైదరాబాదు నుంచి ఒక అధికారి వస్తున్నారనీ. ఆ మాట నాకు చెప్పింది మా సమితి ఆఫీసులోనే వ్యవసాయం చూసే గ్రామసేవకుడు. సమితి ఆఫీసంటే ఇప్పటి మీ మండలాఫీసు లాంటిది. నాకంటే పదేళ్లు పెద్దవాడు, నేను అన్నా అని పిలిచేదాన్ని. సైకిల్ తొక్కి తొక్కి పిక్కలు రాళ్లలా గట్టిపడిన మనిషి.

"ఆ సారు యాడికి పోయినా ఒకటే అడుగుతాండాడంట చెల్లీ," అన్నాడు. "ఊరోళ్లు ఏమిచ్చినారు అని. సర్కారు పెడ్తాంటే కూకోని తినేది కాదు, ఊరోళ్లు గూడా చెయ్యి ఎయ్యల్ల అంటాడంట. ప్రజల వంతు లేని కేంద్రాన్ని కొట్టేస్తాండాడు. ఏదో ఒకటి చూపించుకో."

సారు రావడానికి ముందురోజే నేను ఆ ఊరికి వెళ్లాను. పనినుంచి వచ్చిన ఆడవాళ్లను వంటామె వాకిట్లో కూర్చోబెట్టి సంగతి చెప్పాను. అందరూ నా మొహం చూశారు.

"ఏమిచ్చేదమ్మా? మా తాన ఏముండాదని?"

"ఏదైనా సరే," అన్నాను. "ఇంటికి ఒక పిడికెడు. లేదనకుండా ఒక్క పిడికెడు పట్టుకురండి. మీ చేత్తో మీరే గుండిగలో వేయండి. రేపు సారు అడిగితే ఊరంతా చెయ్యి వేసిందని నేను ధైర్యంగా చెప్పుకోవాలి."

ఆ పిడికెడు అన్న మాట నాది. ఎవరూ నా నోట పెట్టలేదు. దానికి తోడు, సారు వచ్చినప్పుడు పులుసు చిక్కగా కనబడాలని రెండు రోజుల పప్పు ఒక్కరోజే గుండిగలో పోయించాను. వంటామె వద్దంది. నేను వినలేదు. తనిఖీ అంటే ఉద్యోగులకు పట్టే పిచ్చి ఒకటుంటుంది. అది అప్పుడు నాకు బాగా పట్టింది.

మరునాడు పొద్దున్నే పప్పు ఉడుకుతుండగా ఆడవాళ్లు వచ్చారు. పారలూ గంపలూ గోడకు ఆనించి వరసగా నిలబడ్డారు. మొదటామె ఆకులో మడిచి తెచ్చింది విప్పింది. కారంపొడి. ఆమె వేసి పక్కకు జరిగింది. రెండో ఆమె ఇత్తడి మూత తెరిచింది. కారంపొడి. మూడో ఆమె కొంగుముడి విప్పింది. అదీ అంతే.

ఆ సీమ సంగతి తెలియనివాళ్లకు ఇది వింతగా ఉంటుంది. ఎండాకాలంలో మిరపకాయలు ఎండబెట్టి, ఉప్పు వేసి, ఏడాదికి సరిపడా దంచి కుండలో పెట్టుకోవడం అక్కడ ప్రతి ఇంటి పని. పప్పు లేకపోయినా, నూనె లేకపోయినా, కాస్త కారం నంజుకుంటే సంగటి ముద్ద గొంతు దిగుతుంది. మూడేళ్ల కరువులో ఇళ్లలో అన్నీ అయిపోయి అదొక్కటే మిగిలింది. ఇవ్వమన్నాను కాబట్టి ఉన్నదే తెచ్చారు. ఆ ముక్క నాకు ముందురోజే తట్టి ఉండాలి.

ఆరో ఆమె దగ్గరికి వచ్చేసరికి వంటామె నా చెవిలో, "సేవికమ్మా, ఇంగ సాలు అని చెప్పు," అంది. నేను ఎలా చెప్పను? ఆరుగురివి తీసుకుని ఏడో ఆమెను వద్దంటే ఆమె మొహం ఎక్కడ పెట్టుకుంటుంది? వంటామె తెలివైనది. తర్వాతి ఆమె ఇచ్చిన కారాన్ని తన చేతిలోకి తీసుకుని, గుండిగలో వేసినట్టే వేసి, పక్కనున్న చిప్పలో వంపింది. ఇంకో ఇద్దరివి కూడా అలాగే చేసింది. ఆ తర్వాత వచ్చినామె చూసేసింది.

"నా కారెం యాల పక్కన పెడ్తివి?" అని అడిగింది. గట్టిగా కూడా అనలేదు. "మా ఇంటిది పనికి రాదా?"

ఆమె ఏ వీధి నుంచి వచ్చిందో ఆ వాకిట్లో ఉన్న అందరికీ తెలుసు. అంతకు ఏడాది ముందైతే ఆమె ఆ వసారా ఎక్కేదే కాదు. పిల్లలు ఒకే వరసలో కూర్చుని తినడం మొదలయ్యాకే ఆమె కాలు ఇటు పడింది. వంటామె మొహం ఎర్రబడింది. చిప్ప ఎత్తి, అందులో ఉన్నదంతా అందరూ చూస్తుండగా గుండిగలో బోర్లించింది.

"ఎందుకు పనికిరాదమ్మా," అంది. "అందరిదీ ఒకటే."

ఆ తర్వాత ఇక ఎవరినీ ఆపే దారి లేకపోయింది. చివరగా వచ్చిన ఒక ముసలామె కారం కుండనే ఎత్తుకొచ్చింది. అందులో అడుగున అంటుకున్నది తప్ప ఏమీ లేదు. కాసిన్ని నీళ్లు పోసి, కుండ తొలిచి, ఆ ఎర్రటి నీళ్లు పులుసులో పోసింది. పోసి నా వైపు చూసి, "మా ఇంటిది గూడా రాస్కో పాపా," అంది. నాకు కన్నీళ్లు వచ్చాయి. పులుసు పొగ వల్ల అనుకున్నారు అందరూ. కొంతవరకు అదీ నిజమే.

వాళ్లు పనికి పోయారు. వంటామె గరిటె అంచున కాస్త తీసి నాలుక మీద వేసుకుంది. అక్కడే కూలబడింది. నేనూ రుచి చూశాను. కారం తిని పెరిగినదాన్నే, అయినా చెవుల్లోంచి పొగ వచ్చినట్టయింది. అప్పుడే మా గ్రామసేవకుడన్న సైకిల్ మీద చెమటలు కక్కుతూ వచ్చాడు. సారు మధ్యాహ్నం కాదు, పన్నెండు లోపలే వచ్చేస్తున్నాడని చెప్పడానికి. చెప్పి, అరచేతిలో పులుసు వేయించుకుని నాకాడు. వెక్కిళ్లు మొదలయ్యాయి.

"ఓ తల్లీ," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఈ పులుసు తింటే ఆ సారుకు జీపు అక్కర్లేదు. ఉరుక్కుంటానే హైదరాబాదు పోతాడు."

నవ్వే ఓపిక లేదు. పారబోసి మళ్లీ కాచుదామంటే రెండు రోజుల పప్పు అందులోనే ఉంది. రెండు రోజులకోసారి వచ్చే ట్యాంకరు నీళ్లలో మిగిలింది రెండు బిందెలు. ఒక బిందె పోశాం. పులుసు పెరిగింది, మంట తగ్గలేదు. చింతపండు పిసికి పోస్తే పులుపు కూడా తోడై ఇంకా చురుక్కుమంది. నూక ఉడికించి కలిపితే గరిటె జారుగా కూడా లేకుండా బంకబంకగా అయింది. ఆమె దేవుడి గూట్లో ఉన్న బెల్లం ముక్క తెచ్చి వేసింది. ఆ గుండిగలో అది ఎక్కడ కరిగిందో కూడా తెలియలేదు. మజ్జిగ కోసం నేను ఇల్లిల్లూ తిరిగాను. పశువులే లేని ఊళ్లో మజ్జిగ అడుగుతూ తిరిగిన మనిషిని ముసలివాళ్లు జాలిగా చూశారు.

తిరిగి వచ్చేసరికి మనవరాలు ఏడుస్తోంది. ఆకలికి ఆగలేక గరిటె నాకిందట. నాలుక బయటపెట్టి, రెండు చేతులతో దాన్ని తుడుచుకుంటూ, ఊపిరి ఆడనట్టు ఏడుస్తోంది. దాన్ని చూసి మిగతా పిల్లలూ మొదలుపెట్టారు. వాళ్లింకా తినలేదు, తినాలంటేనే భయం పట్టుకుంది.

"సెనగవిత్తనాలు ఏంచి, నూరి పోస్తేనే ఇది దిగేది," అంది వంటామె. "ఇంగ దేనికీ దిగదు."

"మరి పోద్దాం. ఎవరింట్లో ఉన్నాయి?"

ఆమె వంగి పొయ్యిలో పుల్లలు ఎగదోసింది. మా అన్న తల తిప్పుకుని సైకిల్ చైను చూసుకోసాగాడు. నాకు అర్థం కాలేదు. వేరుశనగ పండే జిల్లాలో పిడికెడు వేరుశనగలు అడిగితే ఇంత మౌనం ఎందుకో.

ఎదురింటి అరుగు మీద ఒక పెద్దాయన రోజూ కూర్చుని ఉండేవాడు. డెబ్బై దగ్గర పడిన రైతు. పొద్దుటి నుంచి జరిగిందంతా చూస్తూనే ఉన్నాడు. పిల్లల ఏడుపు కాసేపు విన్నాడు. లేచి లోపలికి వెళ్లాడు. లోపల ఏదో మాట పెరిగి, మళ్లీ అణిగింది. రెండు చాటల నిండా కాయలు తెచ్చి మా ముందు పెట్టాడు. గుమ్మంలో ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

వంటామె చాటలు ముట్టలేదు. "మామా, ఇవి ఇత్తనం కాయలు గదా," అంది.

"ఇత్తనమే. అయితే ఏమిప్పుడు?"

"అత్త ఏమంటాదో..."

"అనేది అనింది. వాన వచ్చినప్పుడు చూసుకుందాం లే. బిర్నా ఒలవండి, ఆలస్యం చేయొద్దండి. ఈ ఏడుపు నేను ఇనలేను." నా వైపు కూడా చూడకుండా చెరువు దారి పట్టి వెళ్లిపోయాడు.

నేను వెనకనుంచి, "చాలా సంతోషం పెద్దనాయనా!" అని కేకేశాను. పొద్దున కారం తెచ్చినవాళ్లకు చెప్పినట్టే చెప్పాను. విత్తనం అన్న మాట నా చెవిన పడింది. పడి, అలాగే జారిపోయింది. నా దృష్టంతా జీపు మీద ఉంది.

ముగ్గురం కూర్చుని కాయలు ఒలిచాం. వేయించుతుంటే ఆ వాసనకు ఏడుస్తున్న పిల్లలు ఒక్కొక్కరే ఆగిపోయారు. ఊళ్లో ఎన్నాళ్లైందో ఆ వాసన పుట్టి. పొట్టు ఊది, రోట్లో వేసి మెత్తగా రుబ్బి, ఆ ముద్దను పులుసులో కలిపి మళ్లీ పొయ్యి మీద పెట్టాం. ఎర్రగా ఉన్నది ఇటుకరంగుకు తిరిగింది. పైన సన్నగా నూనె తేలింది. వంటామె రుచి చూసి, మనవరాలి నాలుక మీద ఒక చుక్క వేసింది. పిల్ల మొహం చిట్లించి, ఆలోచించి, మళ్లీ నోరు తెరిచింది.

అధికారి వచ్చారు. ఆయన చెడ్డవాడని మీరు అనుకోవద్దు. బూట్లు విప్పి, పిల్లల వరసలో నేలమీద కూర్చుని, అదే సంగటి, అదే పులుసు తిన్నారు. అంతవరకు నేను చూసిన అధికారులెవరూ అలా తినలేదు. రెండోసారి పులుసు అడిగి వేయించుకున్నారు.

"అమ్మా, చాలా బాగుంది. వేరుశనగ వేశారు కదూ? ఎక్కడివి?"

ఆయన అడిగింది వంటామెను. ఆమె కొంగు సర్దుకుని నోరు తెరిచింది. నేను అడ్డం పడ్డాను.

"ఊరివాళ్లే ఇచ్చారు సార్. ప్రజల వంతు."

"ఓహో. అడిగితే ఇస్తారా?"

"తప్పకుండా సార్. మంచి ఊరు. ఏది అడిగినా లేదనరు."

ఆయన చాలా సంతోషించారు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు. జీపు ఎక్కుతూ నా పేరు అడిగి అదీ రాసుకున్నారు. నా కాళ్లు నేలమీద లేవు. జీపు లేపిన దుమ్ము అణిగాక వెనక్కి తిరిగితే, మా అన్న నన్నే చూస్తున్నాడు.

"ఎంత పని చేస్తివి చెల్లీ," అన్నాడు.

"ఏం చేశాను?"

"సెనగవిత్తనాలు నూరుకోని తినే ఊర్లో కరువుండాదని ఎవరన్నా రాస్తారా? పైగా అడిగితే ఇస్తారు అంటివి. అవి ఆ ఎదురింటి ఆయప్ప ఇత్తనం కాయలు. మూడేండ్లు కడుపు మాడ్చుకోని దాచినాడు. ఒక ఏడు ఏసిన పైరు ఎండిపోతే మిగిలిన దాంట్లోనే మళ్లా ఏరి దాచినాడు. వాన పడితే ఏసేకి ఊర్లో శానామందికి గుప్పెడు గూడా లేదు. ఆయప్ప తాన ఉండాయి గాబట్టి పిల్లోళ్లకు తెచ్చిచ్చినాడు."

"మరి నాకు ముందే చెప్పొచ్చు కదన్నా."

"నీకు తెలీదని నాకేం తెలుసు?" అన్నాడు. సైకిల్ స్టాండు తీసి, "పోనీ, కారెం ఎక్కువై పిల్లోళ్లు ఏడుస్తాంటే ఇత్తనం నూరి పోసినాం సార్ అని ఉన్నది ఉన్నట్టు చెప్పింటే? ఆ సారు ఇనే మనిషి మాదిరే ఉన్యాడు," అన్నాడు.

ఇనే మనిషే. అదే నన్ను ఇప్పటికీ పీకేది. చెప్పి ఉంటే పులుసు పాడైన సంగతి చెప్పాల్సి వచ్చేది. రెండు రోజుల పప్పు ఒకేరోజు పోసిన నా తెలివి బయటపడేది. నేను చక్కగా కనపడాలనుకున్నాను, కనపడ్డాను.

పది పన్నెండు రోజులకు కాగితం వచ్చింది. ఈ గ్రామ ప్రజలు తమ కాళ్లమీద తాము నిలబడగలిగి ఉన్నందున, కేంద్రాన్ని ఇంతకంటే అవసరమైన ఊరికి మార్చడమైనది అని. అదే కాగితం కింద, ప్రజలను కదిలించినందుకు గ్రామసేవికను అభినందిస్తూ ఒక వాక్యం. ఆ వాక్యం ఆ తర్వాత నా ప్రమోషనుకు కూడా పనికొచ్చింది. ఇది చెప్పకపోతే నేను రాసినదంతా సగం అబద్ధమవుతుంది.

సమితి ఆఫీసుకు వెళ్లాను. అక్కడి గుమాస్తా నా మాట విని, "మెచ్చుకున్న కాగితం మీద ఎవరన్నా కంప్లైంటు చేస్తారామ్మా?" అన్నాడు నిజంగానే ఆశ్చర్యపోతూ. అయినా ఒక ఉత్తరం రాశాను. పరిస్థితిని మరొకసారి పరిశీలించవలసిందిగా కోరుతున్నాను అని. ఆ ఉత్తరంలో కారం లేదు, విత్తనం లేదు, పిల్ల ఏడుపు లేదు. దానికి జవాబు రాలేదు. రెండో ఉత్తరం నేను రాయలేదు.

కేంద్రం మూసే రోజు వంటామె మిగిలిన నూక సంచిని మూతి కట్టి నాకు అప్పగించింది. కొడుకు దగ్గరికి, బెంగళూరు వైపు పోతున్నానంది. పిల్లను చంకనెత్తుకుంది.

"నన్ను తిట్టక్కా," అన్నాను. ఇంకేమనాలో తోచలేదు.

"నువ్వేం జేస్తావులే సేవికమ్మా," అంది. "ఇంగ ఒక నెల పెట్టింటే మాత్రం ఇది నడుస్తాండె."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ పిల్ల తర్వాత నడిచిందో లేదో నాకు తెలియదు. వాళ్లు మళ్లీ ఆ ఊరికి రాలేదు. బెంగళూరు వెళ్లినప్పుడల్లా, ఎక్కడ కట్టడం పని జరుగుతున్నా, ఇసుక కుప్పల దగ్గర ఆడుకునే పిల్లల కాళ్లు చూడటం నాకు అలవాటైపోయింది. ఇప్పుడు ఆ పిల్ల బతికి ఉంటే యాభై ఏళ్ల మనిషి అయి ఉంటుంది. అయినా చిన్నపిల్లల కాళ్లే చూస్తాను.

ఇప్పుడు ఉద్యోగంలో ఉన్న మీకు నేను చెప్పగలిగింది కొంచెమే. మీకూ తనిఖీలు ఉంటాయి. ఎవరో వస్తారు, ఊళ్లోవాళ్లు ఇంట్లో ఉన్నదంతా ఊడ్చి మీ ముందు పెడతారు. అది వాళ్ల మర్యాద. దాన్ని మీ రిపోర్టులోకి ఎక్కించేముందు, ఆ వచ్చింది ఎక్కడినుంచి వచ్చిందో ఒక్కసారి అడగండి. పని చెడిపోయి ఉంటే చెడిపోయిందనే చెప్పండి. దానికి పోయే పరువు పెద్దదేమీ కాదు. నాది పోకుండా కాపాడుకున్నాను, ఇన్నేళ్లుగా దాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియడం లేదు.

ఆ ఏడు వాన ఆలస్యంగానైనా పడింది. వేరే ఊరికి పోతూ ఆ పొలాల అడ్డదారిన పడ్డాను. పెద్దాయన విత్తనం వేస్తున్నాడు. గొర్రుకు కట్టిన ఎడ్లలో ఒకటి ఆయనది, ఇంకొకటి పక్కింటివాళ్లది. రెండూ ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. ఆయన భార్య వెనకాల నడుస్తూ ఒడిలోంచి గింజలు వదులుతోంది. నన్ను చూసి ఆమె తలవంచుకుని పని చేసుకుంది. చేను చివర కొన్ని సాళ్లు దున్ని, ఖాళీగా వదిలేసి ఉన్నాయి. ఒలిచిన విత్తనం అంతవరకే వచ్చిందని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆపాటికి నేనూ అంత నేర్చుకున్నాను.

గట్టు మీద నిలబడ్డాను. ఆయన ఎడ్లను ఆపి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కేంద్రం గురించి అడుగుతాడనుకున్నాను. తప్పంతా నాదని చెప్పడానికి దారిపొడుగునా మాటలు కూడబలుక్కుంటూ వచ్చాను.

"పాపా," అన్నాడు. "ఆ పొద్దు పులుసు పిల్లోళ్లు తినిరా?"

ఆ రోజు కాయలు ఇచ్చి చెరువు వైపు వెళ్లిన మనిషి, ఆ తర్వాత ఏం జరిగిందో చూడలేదు. విత్తనం మాట మళ్లీ రాకూడదని ఇన్ని రోజులూ ఇంట్లోగాని, వంటామెనుగాని ఆ ఒక్క మాట అడగలేకపోయాడు కాబోలు.

"తినిరి పెద్దనాయనా. అందరూ తినిరి."

"కారెం లేకుండానా?"

చక్కగా ఉందని చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆ ఖాళీ సాళ్ల వైపు చూశాను.

"కొంచెం ఉండె," అన్నాను. "అయినా తినిరి. ఇంగా పెట్టమనిరి."

ఆయన తల ఊపాడు. "సరే అయితే," అని ఎడ్లను అదిలించాడు.